ముసురులో మంద: బాధ్యత ఎవరిది?



మదీనాలో ఒక శుక్రవారం. దైవప్రవక్త (స) ఖుత్బా ఇస్తున్నారు. ఒక మనిషి మస్జిదులోకి వచ్చి నిలబడి, పశువులు చచ్చిపోతున్నాయి, దారులు మూతపడ్డాయి, వాన కోసం అల్లాహ్‌ను వేడుకోండి అని మొరపెట్టుకున్నాడు. ఆయన (స) చేతులెత్తారు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. సల్అ కొండ వెనుక నుంచి డాలు అంత మేఘం ఒకటి లేచింది, నడిమింటికి వచ్చి పరుచుకుంది, కురిసింది. వారం రోజులు మదీనావాసులు సూర్యుణ్ణి చూడలేదు. మరుసటి శుక్రవారం అదే ద్వారం గుండా ఒక మనిషి వచ్చాడు. ఈసారి మొర వేరు. సొత్తంతా నాశనమవుతోంది, దారులు తెగిపోయాయి, వాన ఆగాలని దుఆ చేయండి అన్నాడు. ఆయన (స) మళ్ళీ చేతులెత్తారు. అయితే వాన పూర్తిగా ఆగిపోవాలని అడగలేదు. మా మీద వద్దు, మా చుట్టుపక్కల కురిపించు, గుట్టల మీద, లోయల్లో, చెట్లు మొలిచే చోట కురిపించు అని వేడుకున్నారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ ఉల్లేఖనం సారాంశం ఇది.

మదరసాలో మేము ఈ హదీసును వాన కోసం చేసే ఇస్తిస్ఖా ప్రార్థన అధ్యాయంలో చదివాము. దుఆ ఎలా చేయాలి, చేతులు ఎంత ఎత్తాలి అన్న చర్చ వరకే మా దృష్టి వెళ్ళింది. వాన లేకపోయినా, వాన ఎక్కువైనా ముందుగా చచ్చేది నోరులేని జీవమేనన్న సంగతి మాకు తట్టలేదు. అది మాకు తెలిసేలా చేసింది ఒక తగాదా.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే నెల్లూరు, తిరుపతి జిల్లాలను వానలు ముంచెత్తాయి. ఆ తర్వాత కొద్ది రోజులకు నెల్లూరు వైపు నుంచి ఒక సోదరుడు మా దగ్గరకు వచ్చారు. పట్టణంలో కొట్టు నడుపుకునే మనిషి. ముప్ఫై ఆడ గొర్రెలు కొని పల్లెలో ఒక కాపరికి సగం పాలుకు ఇచ్చారు. అంటే తల్లులు ఈయనవి, పుట్టిన పిల్లల్లో సగం కాపరివి. తుపాను వానకు తొమ్మిది పిల్లలు, రెండు తల్లులు చనిపోయాయి. ఆ నష్టాన్ని కాపరి చేత కట్టించుకోవచ్చా అన్నది ఆయన ప్రశ్న. కాపరి ముస్లిమేతర సోదరుడు. ఆయన కూడా వెంట వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. మేము ఆయనను లోపలికి పిలిచి కూర్చోబెట్టాము. ఆయన చెప్పింది ఒక్కటే: “అయ్యా, తుపాను వస్తోందని రేడియోలో చెప్పినప్పుడే రెండు టార్పాలిన్ పట్టాలు కొనిపెట్టమని ఫోను చేశాను. ఎండాకాలంలో చూద్దాంలే అన్నారు.”

తీర్పు చెప్పే ముందు, దొడ్డి ముఖం ఎన్నడూ చూడని యజమానుల కోసం కొన్ని విషయాలు చెప్పవలసి ఉంది. కాపరులు ఇవి చదివి నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి, మేము వీటిని వారి దగ్గరే నేర్చుకున్నాము.

గొర్రె చూలు కాలం సుమారు 150 రోజులు. తొలకరి పచ్చిక లేచే జూన్, జూలైలలో పొట్టేలు కలిస్తే నవంబరు, డిసెంబరులలో ఈతలు వస్తాయి. నెల్లూరు తీరంలో ఈశాన్య రుతుపవనాల వాన కురిసేది సరిగ్గా అప్పుడే. పైగా నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు. తెలంగాణ దక్కని గొర్రెకు ముతక ఉన్ని ఉంటుంది, దానితోనే గొంగడి నేస్తారు. నెల్లూరు జోడిపికైనా, పల్లకైనా, దొరకైనా ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే. వాన నేరుగా చర్మానికి తగులుతుంది. అన్-నహ్ల్ సూరా 5వ ఆయతులో అల్లాహ్ పశువులలో మనకు వెచ్చదనం ఉంచానని గుర్తు చేశాడు. మనకు వెచ్చదనం ఇచ్చే జీవిని చలిలో నిలబెట్టి మనం దుప్పటి కప్పుకోవడం ఏ రకమైన కృతజ్ఞత?

చూలు చివరి నెలన్నరలోనే కడుపులోని పిల్ల ఎక్కువగా పెరుగుతుంది. ఆ రోజుల్లో వాన నీరు తాగిన లేత పచ్చికతో గొర్రె డొక్క నిండినట్టు కనిపిస్తుంది గానీ అందులో సత్తువ తక్కువ. తవుడు, వేరుశనగ చెక్క కొంచెమైనా పెట్టాలి, ఎండు మేత అందుబాటులో ఉంచాలి. తల్లి చిక్కితే పిల్ల బలహీనంగా పుడుతుంది, తల్లికి పాలు రావు. ముసురు పట్టి మంద మూడు రోజులు మేతకు కదలలేకపోతే ఏం పెట్టాలన్న లెక్క వానకు ముందే వేసుకోవాలి. ఆ ఖర్చు కాపరి జేబులోంచి రాదు.

దొడ్డి మెరక మీద ఉండాలి, చుట్టూ నీరు పోయే కాలువ ఉండాలి. బురదలో రోజుల తరబడి నిలబడితే గిట్టల మధ్య చర్మం మెత్తబడి పుండ్లు పడతాయి, కుంటే గొర్రె మేతకు పోలేదు. నీరు నిలిచిన చెరువు అంచుల్లో మేపితే నత్తల ద్వారా కార్జపు జలగ అంటుకుంటుంది. ముసురులో ముసిరే చిన్న దోమలు నీలి నాలుక వ్యాధిని మోస్తాయి. అందుకే సాయంత్రం దొడ్డిలో వేపాకు పొగ వేస్తారు. నట్టల మందు, టీకాలు వానలకు ముందే పూర్తి కావాలి. జబ్బు చేసినదాన్ని వేరుగా కట్టేయాలి. జబ్బు పశువుల యజమాని వాటిని ఆరోగ్యంగా ఉన్న పశువుల దగ్గరకు తోలకూడదని దైవప్రవక్త (స) వారించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. “అంతా అల్లాహ్ రాత” అంటూ అన్నింటినీ ఒకే దొడ్డిలో తోసేవారు ఈ హదీసు చూడాలి. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్నది కూడా ఆయన (స) బోధనే.

ఇక ఈత. పిల్ల పడగానే ముక్కు, నోటి మీది జిగురు తుడవాలి, తల్లిని నాకనివ్వాలి. నాకితే పిల్ల ఆరుతుంది, తల్లి దాని వాసన గుర్తుపడుతుంది. బొడ్డుకు అయోడిన్ పెట్టాలి. గంట, రెండు గంటల లోపు ముర్రుపాలు కడుపులో పడాలి. ఒక ముసలి కాపరి మాకు ఒక గుర్తు చెప్పారు: పిల్ల నోట్లో వేలు పెట్టి చూడు, లోపల చల్లగా తగిలితే ప్రాణం మీదికి వచ్చినట్టే. అప్పుడు గోనెతో రుద్ది, నిప్పుల దగ్గర వెచ్చబరిచి, ఒళ్ళు వేడెక్కాక పాలు పట్టాలి. వాన రాత్రి ఒకేసారి నాలుగు గొర్రెలు ఈనితే ఒక్క మనిషి చేతులు చాలవు. యజమానులు లెక్కించని సంగతి ఇదే.

ఈ పనిని చిన్నచూపు చూసేవారు ఉన్నారు. అల్లాహ్ పంపిన ప్రవక్తలందరూ గొర్రెలు కాచినవారేనని, తాను కూడా కొద్దిపాటి కూలికి మక్కావాసుల గొర్రెలు కాచానని దైవప్రవక్త (స) స్వయంగా చెప్పారు (బుఖారీ). హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్‌లో ఏళ్ళ తరబడి కాపరిగా ఉన్నారు. గడువు పూర్తయ్యాక కుటుంబంతో బయలుదేరిన ఆయన తూర్ కొండ వైపు మంటను చూసి, ఇంటివారు చలి కాచుకోవడానికి నిప్పు తెస్తానని వెళ్ళారు (అల్-ఖసస్, 29). దైవవాణి అందుకున్న చోటికి ఆయనను నడిపించింది తనవారికి కాస్త వెచ్చదనం తేవాలన్న తపన. హజ్రత్ అనస్ (రజి) తన పసి తమ్ముణ్ణి ఎత్తుకుని వెళ్ళినప్పుడు ఆయన (స) దొడ్డిలో గొర్రెలకు తన చేత్తో గుర్తులు వేస్తూ కనిపించారు. మస్జిదె నబవీ కట్టకముందు గొర్రెల దొడ్లలో నమాజు చేసేవారని కూడా అనస్ (రజి) చెప్పారు. మన ఇళ్ళలో ఎవరైనా దొడ్డి వాసనతో వస్తే గుమ్మం దగ్గరే ఆపేస్తాము!

తల్లీపిల్లల సంగతిలో ఆయన (స) ఎంత సున్నితంగా ఉండేవారో చూడండి. ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు ఒక పక్షి పిల్లల్ని పట్టుకున్నారు. తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ చుట్టూ తిరిగింది. దీని పిల్లల్ని తీసి దీన్ని బాధపెట్టింది ఎవరని అడిగి, వాటిని తిరిగి ఇప్పించారు (అబూ దావూద్). సవాదా బిన్ రబీఅ్ (రజి) ఇంటికి వెళుతుంటే, పశువుల పిల్లలకు మేత బాగా అందించమని, పాలు పితికేవారు పొదుగుకు గాయం కాకుండా గోళ్ళు తీసుకోవాలని ఇంట్లోవారికి చెప్పమన్నారు (ముస్నద్ అహ్మద్). హజ్రత్ ఉమర్ (రజి) జకాత్ వసూలు చేసే అధికారికి, కాపరి చంకన మోసుకొచ్చే పసిపిల్లను కూడా లెక్కలో వేయమని, కానీ దాన్ని తీసుకోవద్దని, చూలు గొర్రెను, పిల్లకు పాలిచ్చే తల్లిని ముట్టుకోవద్దని ఆదేశించారు (మువత్తా). బైతుల్‌మాల్‌కు రావలసిన హక్కే ఈనే గొర్రె ముందు ఆగిపోయింది.

ఇప్పుడు మన తగాదాకు వద్దాము. మొదటి మాట, ఆ ఒప్పందమే సరైనది కాదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఇంకా పుట్టని పిల్లలను కూలిగా నిర్ణయించడం చెల్లదు, ఎందుకంటే ఎన్ని పుడతాయో, ఎన్ని బతుకుతాయో ఎవరికీ తెలియదు. అలా జరిగితే తల్లులు, పిల్లలు అన్నీ యజమానివే. కాపరికి ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న కూలి, మేతకు అతను పెట్టిన ఖర్చు ఇవ్వాలి. హంబలీ ఫిఖ్హ్‌లో ఇలాంటి పాలుకు అనుమతి ఉందన్న అభిప్రాయం ఉంది. గత్యంతరం లేని చోట దాన్ని ఆచరించవచ్చని మన ఉపఖండపు ఉలమాలలో కొందరు అన్నారు. కానీ సులువైన దారి ఒకటి ఉండగా అంత దూరం పోవడం దేనికి? మందలో సగం వాటాను కాపరికి ధర కట్టి అమ్మేయాలి, డబ్బు వాయిదాల మీద తీసుకోవచ్చు. అప్పుడు పిల్లల్లో సగం అతనికి కూలిగా కాదు, సొంత హక్కుగా వస్తుంది. చచ్చినవాటి నష్టం కూడా చెరి సగం అవుతుంది.

రెండో మాట, కాపరి చేతిలో మంద అమానతు. అతని నిర్లక్ష్యం లేకుండా చలికి చచ్చిన జీవానికి అతను జవాబుదారు కాడు. కఅబ్ బిన్ మాలిక్ (రజి) గారి గొర్రెలు కాచే దాసి ఒక గొర్రె చావబోతుండగా రాయి పగలగొట్టి దాని అంచుతో జిబహ్ చేసింది. దైవప్రవక్త (స) దాన్ని తినమన్నారు (బుఖారీ). ఎందుకు చావనిచ్చావని ఆమెను ఎవరూ నష్టం అడగలేదు. ఇక్కడ కాపరి ముందుగానే పట్టాలు అడిగారు, యజమాని ఇవ్వలేదు. కాబట్టి నష్టం యజమానిదేనని మేము చెప్పాము.

ఆ సోదరుడి ముఖం మారింది. “మౌలానా సాబ్, ఆయన మన వాడు కాదు కదా” అన్నారు. ఈ మాట మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స) దారి చూపడానికి కూలికి మాట్లాడుకున్న అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాడు. ప్రాణాలు అతని చేతిలో పెట్టారు. కూలివాని చేత పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థిగా నిలుస్తానని అల్లాహ్ చెప్పినట్లు బుఖారీలో ఉంది. ఆ కూలివాని మతమేమిటన్న షరతు అందులో లేదు.

అప్పుడు కాపరి నోరు విప్పారు. “అయ్యా, తొమ్మిదిలో రెండు నా తప్పే. రెండో రాత్రి ఇంటికి పోయి పడుకున్నాను, నా పిల్లగాణ్ణి కాపలా పెట్టాను. వాడు నిద్రపోయాడు. తెల్లారి చూస్తే రెండు పిల్లలు గొర్రెల కింద నలిగి ఉన్నాయి.” అడిగినవారు ఎవరూ లేరు, చూసినవారు ఎవరూ లేరు. మాకు వెంటనే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) కలిసిన కాపరి గుర్తుకొచ్చాడు. ఒక గొర్రెను మాకు అమ్ము, తోడేలు తిన్నదని యజమానికి చెప్పు అని ఆయన పరీక్షిస్తే, మరి అల్లాహ్ ఎక్కడికి పోయాడని ఆ కాపరి అడిగాడు. ఇబ్నె ఉమర్ (రజి) కంటతడి పెట్టి, అతన్ని కొని స్వేచ్ఛ ఇచ్చి, ఆ మందనూ అతనికే ఇచ్చారు. ఆ కాపరి మాట మేము ఎన్నో ఖుత్బాలలో చెప్పాము. అలాంటి మాట మా ఎదుటే వినపడటం అదే మొదటిసారి.

యజమాని అనుమతి లేకుండా మరొకరికి అప్పగించి వెళ్ళినందువల్ల ఆ రెండు పిల్లల ధర కాపరి మీద పడుతుంది, మిగిలిన ఏడు పిల్లలు, రెండు తల్లులు యజమాని నష్టమేనని చెప్పాము. సోదరుడు చాలాసేపు తల వంచుకుని కూర్చున్నారు. తర్వాత ఆ రెండింటి ధర కూడా వదిలేస్తున్నానన్నారు. మేము అడగలేదు. అక్కడే మందకు ధర కట్టి సగం వాటా కాపరికి అమ్మినట్టు కాగితం రాసుకున్నారు, ఇద్దరు సాక్షులతో. పాత పద్ధతిలో గడిచిన నెలల కూలి విడిగా లెక్కవేశారు.

ఆ తర్వాతి వానలకు ముందు ఫోను చేస్తే, దొడ్డి మెరక మీదికి మార్చారని, పట్టాలు రెండు కొన్నారని తెలిసింది. వాయిదా డబ్బు ఎంతవరకు వచ్చిందని అడిగాము. ఒకటే వచ్చిందట. “ఈతలు అయ్యాక చూద్దాంలెండి మౌలానా సాబ్, ఇప్పుడు ఆయన రాత్రిళ్ళు దొడ్డిలోనే ఉంటున్నాడు” అన్నారు ఆ సోదరుడు.