అద్దము ఎక్కడిదని అడుగవలెనా?



ఒక వస్తువు మన చేతికి ఎట్లు వచ్చినదో మనకు తెలియనప్పుడు, దానిని తెలిసికొనవలసిన బాధ్యత మనకు ఉన్నదా? "మాకు తెలియదు" అనే మాట ఎంతవరకు నిర్దోషమైనది, ఎక్కడినుండి అది తప్పించుకొనే మాట అగును? ఇది పెద్ద పెద్ద గ్రంథములలో తేల్చవలసిన ప్రశ్నవలె కనబడును గాని, బెంగళూరులో పాత చిన్న కారు ఒకటి పెట్టుకొన్న కుటుంబము ఏదో ఒక ఉదయమున దీనిని ఎదుర్కొనవలసి వచ్చును. రాత్రి ఇంటి ముందర నిలిపిన కారు తెల్లవారి చూచేసరికి ప్రక్క అద్దము పగిలి ఉండును. లోపల ఉన్న సంచి పోయి ఉండవచ్చును, ఏమియు పోకనే ఉండవచ్చును. అద్దము మాత్రము వేయించవలెను. ప్రశ్న అక్కడ మొదలగును.

ముందుగా ఆ అద్దమును గూర్చి కొంత చెప్పవలెను. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము గనుక పాఠము చెప్పక ఊరకుండలేము, పాఠకులు సహించగలరు.

కారు ముందరి అద్దము, ప్రక్క తలుపుల అద్దములు ఒకే జాతివి కావు. ముందరిది రెండు గాజు పలకల నడుమ సన్నని ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. రాయి తగిలితే సాలెగూడువలె చీలును గాని ఊడి మీద పడదు. ఫ్రాన్సు దేశీయుడైన ఎడ్వార్డ్ బెనెడిక్టస్ 1903లో తన ప్రయోగశాలలో క్రింద పడిన గాజు సీసా ముక్కలు విడిపోకుండ ఒకదానినొకటి అంటుకొని ఉండుట చూచి, దాని కారణము వెదకి, 1909లో ఇట్టి గాజుకు పేటెంటు తీసికొన్నాడు. ప్రక్క అద్దము సంగతి వేరు. దానిని 600 డిగ్రీలకు పైగా వేడిచేసి, రెండు వైపుల నుండి చల్లని గాలిని బలముగా ఊది హఠాత్తుగా చల్లార్చుదురు. పైపొర ముందుగా గట్టిపడును. లోపలి భాగము తరువాత చల్లారి ముడుచుకొనుచు పైపొరను లోనికి బిగించి పట్టుకొనును. ఆ బిగింపు వలననే దానికి మామూలు గాజునకు లేని బలము. కాని ఆ పైపొర ఒక్కచోట తెగినదా, అద్దము మొత్తము ఒక్క క్షణములో జొన్నగింజలు, శనగగింజలంత ముక్కలై రాలిపోవును. కత్తివలె కోసే పెద్ద పెంకులు రాకుండుటకే ఈ ఏర్పాటు.

ఇట్లు తయారైన అద్దమును తరువాత కోయుటకు గాని, రంధ్రము చేయుటకు గాని వీలులేదు. కాబట్టి వీధి చివర ఫోటోలకు ఫ్రేములు కట్టే అంగడికి పోయి "ఈ కొలతకు ఒకటి కోసి ఇవ్వుము" అంటే కుదరదు. ఏ కారుకు, ఏ తలుపుకు చేసినది ఆ తలుపుకే పట్టును. ఎడమది కుడికి పట్టదు. ఖర్చు తప్పించుకొనుటకు కిటికీకి వేసే మామూలు గాజునే పెట్టించుకొనేవారు కూడ ఉన్నారు. ప్రమాదము జరిగిన దినమున ఆ గాజు ప్రక్కన కూర్చున్న బిడ్డ మెడ దగ్గర ఏమగునో వారు ఆలోచించినట్లు లేదు.

ఇప్పుడు చిక్కు చూడండి. మన కుటుంబములలో అనేకులకు మొదటి కారు మారుతి 800, అదియు రెండవ చేతిదో మూడవ చేతిదో. 1983 డిసెంబరులో రోడ్డుమీదికి వచ్చిన ఆ కారు తయారీ 2014 జనవరిలో నిలిచిపోయినది. తయారీ ఆగిన కారుకు ఏడాది గడిచేకొద్దీ విడిభాగములు అరుదగును. కొత్తవి కావలెనంటే జయచామరాజేంద్ర రోడ్డు, అనగా మనమందరము జే.సీ. రోడ్డు అనే చోటికి పోవుదుము. అక్కడ దొరకనివాడు, దొరికినను ధర ఇచ్చుకొనలేనివాడు శివాజీనగరు గుజరీ సందులలోనికి పోవును. పాత కార్లను విప్పి తలుపులు ఒకచోట, సీట్లు ఒకచోట, అద్దములు ఒకచోట పేర్చి అమ్మే అంగళ్లు అవి. మేము ఆ సందులను నిందించుటకు ఈ వ్యాసము వ్రాయుటలేదు. ప్రమాదములో చితికిన కార్లు, ఆయుష్షు తీరిన కార్లు అక్కడికి న్యాయముగానే చేరును. వాటిలో పనికివచ్చేదానిని పారవేయక మరియొకనికి అందించుట మంచి పని. ఆ పనివారి నేర్పు లేకపోతే పాత కార్లు పెట్టుకొన్న మనవంటివారి గతి ఏమి?

అయితే దొంగిలించబడిన కారు అనేక మారులు కారుగా అమ్ముడుపోదు. ముక్కలుగా అమ్ముడుపోవును. కారుకు నంబరు ఉన్నది, ఛాసిస్ మీద అంకెలున్నవి. తలుపు అద్దమునకు సాధారణముగా తయారీదారు గుర్తు తప్ప ఊరు పేరు ఉండదు. న్యాయముగా వచ్చిన అద్దము, అన్యాయముగా వచ్చిన అద్దము ఒకే గోడకు ఆనుకొని నిలువగలవు. చూపునకు రెండును ఒకటే.

మన సంఘపు యువకుడు ఒకడు ఇదే స్థితిలో పెద్దల వద్దకు వచ్చాడు. వారమునకు రెండు మారులు తల్లిని డయాలిసిస్‌కు తీసికొనిపోవలసిన కారు అతనిది. వానకాలము. వెనుక ఎడమ తలుపు అద్దము పగిలినది. ఒక అంగడిలో చాల తక్కువ ధరకు అద్దము ఉన్నది గాని, బిల్లు లేదు, ఏ బండిదో చెప్పరు, ఈ దినమే తీసికొంటే ఆ ధర. "మాస్టారూ, అది దొంగ సరుకని నేనెట్లా చెప్పేది? కాదని మీరెట్లా చెప్తారు?" అని అతడు అడిగాడు.

ఆ ప్రశ్నను మేము తేలికగా తీసికొనలేదు. అతని మాటలో నిజమున్నది. ఆ అద్దము దొంగదని ఎవరును రుజువు చేయలేరు. ఋజువు లేనిదానిని పాపమని ఒకని మీద మోపుట పెద్దలు చేయదగిన పని కాదు. అంతేకాక, నీతి చెప్పేవారు సాధారణముగా తడవనివారు. తడిసేది అతని తల్లి.

అయినను రెండు విధములైన తెలియమి ఉన్నదని మేము చెప్పితిమి. అడిగిన తరువాత కూడ తెలియకపోవుట ఒకటి. తెలిసిపోవునేమో అని అడుగకుండుట మరియొకటి. పైకి రెండింటి మాట ఒకటే, "నాకు తెలియదు" అని. మొదటివాడు మోసపోవచ్చును గాని మోసములో పాలివాడు కాడు. రెండవవాడు తన తెలియమిని తానే కాపాడుకొనుచున్నాడు. దేనినో దాచవలసిన అవసరము ఉన్నదని అతని లోపల ఎక్కడో తెలిసియుండనిదే అంత జాగ్రత్త ఎందుకు?

చట్టము కూడ ఈ తేడాను గుర్తించినది. దొంగ సొత్తును తీసికొన్నవానిని గూర్చి 1860 నాటి భారత శిక్షాస్మృతి 411వ సెక్షను, 2024 జూలై 1 నుండి దాని స్థానములో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను, దొంగ సొత్తని తెలిసియుండుటను మాత్రమే చూడవు. అట్లు నమ్ముటకు కారణము ఉండుటను కూడ లెక్కలోనికి తీసికొనును. మరీ తక్కువ ధర, బిల్లు లేకుండుట, గోకివేసిన గుర్తులు, అమ్మేవాని తొందర, ఇవి కారణములు కావా? ఇక 1930 నాటి సరుకుల విక్రయ చట్టము ప్రకారము, కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి రాదు. అనగా మంచి మనస్సుతో కొన్నవానికి శిక్ష లేకపోవచ్చును గాని, వస్తువు అతనిది కాదు. అసలు యజమాని వచ్చి నిలిచితే ఇచ్చివేయవలసినదే. ఈ రెండవ సంగతి మనవారిలో చాలమందికి తెలియదని మా అనుభవము.

"ఒక్క అద్దమేగదా" అని కొందరు అనగలరు. ఆ మాటనే మేము ఎక్కువగా భయపడుచున్నాము. ఒక కుటుంబము ఏళ్ల తరబడి కట్టిన అప్పుతో కొన్న కారును దొంగిలించి విప్పితే, ఒకనికి తలుపు, ఒకనికి సీటు, ఒకనికి అద్దము. ఏ ఒక్కని చేతిలోను కారు లేదు. ఎవనికిని తాను కారు దొంగిలించినట్లు తోచదు. నష్టము మాత్రము ఒక ఇంటిమీద మొత్తముగా పడినది. తప్పును చిన్న చిన్న పాళ్లుగా పంచితే అది మాయమగునా, లేక కనబడకుండ పోవునా? ఊరిలో చెరువు గట్టును తలా ఒక తట్ట మన్ను త్రవ్వుకొనిపోయినవారును ఇట్లే చెప్పుకొనియుందురు.

ఇంకొక ఓదార్పు మాట ఉన్నది. "పగిలితే పగిలినది, అద్దము బిగించేవానికి పని దొరికినది" అని. ఫ్రెంచి ఆర్థికవేత్త ఫ్రెడరిక్ బాస్టియా 1850లోనే ఈ మాటకు జవాబు వ్రాశాడు. కొడుకు పగులగొట్టిన కిటికీ అద్దమునకు సొమ్ము ఇచ్చిన అంగడివాడు ఆ సొమ్ముతో చెప్పులో పుస్తకమో కొనియుండును. అద్దపు పనివాని లాభము కంటికి కనబడును, చెప్పులు కుట్టేవాని నష్టము కనబడదు, అంతే తేడా. మన యువకుని సంగతిలో కనబడనిది అతని తల్లి మందుల ఖర్చు.

ఇన్సూరెన్సు ఉన్నదికదా అని అడుగుదురేమో. పాత కార్లకు చాలమంది మూడవ వ్యక్తికి కలిగే నష్టమునకు మాత్రమే పాలసీ కట్టుదురు; దానిలో మన అద్దమునకు పైసా రాదు. పూర్తి పాలసీ ఉన్నవారికి గాజు మీద తరుగుదల కోత లేదు గాని, ఒక చిన్న అద్దమునకు క్లెయిము వేస్తే, ప్రత్యేకముగా రక్షణ కొనియుండనిదే, 20 నుండి 50 శాతము వరకు ఉండే నో క్లెయిము బోనసు పోవును. లెక్క వేసికొని చూడవలెను. లెక్క కుదరలేదని కథ మార్చి చెప్పుట మాత్రము గుజరీ బేరముకన్నా గొప్పదేమియు కాదు.

ఆ యువకుడు తిరిగి పోయి అడిగాడు. "బిల్లు కావాలంటే వేరే షాపు చూసుకో" అన్నారట. మూడు నాలుగు అంగళ్లు తిరిగిన మీదట ఒకచోట, ఏ బండినుండి తీసినదో చీటీ మీద వ్రాసి, అంగడి ముద్ర వేసి, ఫోను నంబరుతో సహా ఇచ్చారు. ధర ఎక్కువైనది, ఆరు దినములు గడిచినవి. పాత వాహనములను విప్పే కేంద్రములకు ప్రభుత్వము 2021లో నియమములు చేసినది గనుక, కాగితము అడుగుట ఇప్పుడు వింత కోరిక కాదు. అయితే మేము ఇక్కడ నొక్కి చెప్పదలచినది మరియొకటి. "అడిగి కొనుము" అని అతనితో చెప్పిన పెద్దలము ఆ ఆరు దినములలో అతని తల్లిని ఆసుపత్రికి ఎవరు తీసికొనిపోవుదురో కూడ ఆలోచించవలసినవారము. సంఘములోని ఇద్దరు సహోదరులు తమ బండ్లు ఇచ్చిరి. అది లేకుండ మా సలహాకు వెల ఏమున్నది? ఖర్చు మరియొకడు భరించేటట్లు చెప్పే నీతి చాల చౌక.

ఇక పగులగొట్టినది ఎవరు? తెలియదు. ఇక్కడ "తెలియదు" అని ఊరకుండుటయే సరియైనది, కాని ఇక్కడనే మన నోరు ఊరకుండదు. చిత్తు కాగితములు ఏరుకొనే పిల్లలు, కొత్తగా చేరిన వాచ్‌మెను, ప్రక్క ఖాళీ స్థలములో గుడారము వేసికొన్న కూలీలు, వీరి పేర్లు సాయంత్రములోగా వచ్చివేయును. వస్తువును గూర్చి అడుగవలసినచోట అడుగము. మనుష్యులను గూర్చి అడుగకనే తీర్పు చెప్పుదుము. తెలుగువారికి ఈ చరిత్ర తెలియనిది కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టమును 1911 తరువాత మద్రాసు రాజధానిలో కూడ అమలుపరచి, ఎరుకలవంటివారిని పుట్టుకతోనే దొంగలుగా లెక్కించి సెటిల్‌మెంట్లలో ఉంచినారు. బాపట్ల దగ్గరి స్టువార్టుపురమును సాల్వేషను ఆర్మీవారు, కావలి సెటిల్‌మెంటును మన అమెరికను బాప్టిస్టు మిషనువారు నడిపినారు. వారు చదువు చెప్పినారు, పని నేర్పినారు, అది నిజమే. హాజరు పుస్తకములో వ్రాయించుకొనక ఊరు దాటరాదనే నియమము క్రింద చెప్పినారు, అదియు నిజమే. స్వతంత్రము వచ్చిన ఐదేండ్లకు, 1952 ఆగస్టు 31న దేశమంతట ఆ ముద్ర తీసివేయబడినది. చట్టపు పుస్తకమునుండి తీసివేయబడినది అనుట మేలు. ఇంటిపేరు చెప్పగానే మారే చూపులు ఇంకను ఉన్నవి.

పగిలిన ముక్కల సంగతి చెప్పి ముగించెదము. కొత్త అద్దము బిగించునప్పుడు తలుపు లోపలి అట్టను విప్పించి, అడుగున పడిన గింజలన్నియు తీయించవలెను. లేనియెడల కారు కదలినప్పుడెల్ల గలగలమనుచుండును. నీరు పోయే రంధ్రములు మూసికొని తలుపు తుప్పు పట్టును. రబ్బరు బీడింగులో ఒక్క గింజ మిగిలినను కొత్త అద్దము మీద గీత పడును. ఇవన్నియు మెకానిక్కులు చెప్పుదురు. రోడ్డు మీద పడినదానిని గూర్చి ఎవరును చెప్పరు. మనము ఆ గాజును పగులగొట్టలేదు, నిజమే. నిర్గమకాండము 21వ అధ్యాయములో, గోతిని కప్పక విడిచినవాడు దానిలో పడిన పశువునకు నష్టము చెల్లించవలెనని ఉన్నది. అతడు ఆ పశువును త్రోయలేదు. మన ఇంటి ముందరి గాజును తెల్లవారుజామున ఎవరు ఊడ్చుదురో మనకు తెలియనిది కాదు. బెంగళూరు పౌరకార్మికులలో చాలమంది తెలుగు మాట్లాడేవారు, మన జిల్లాలనుండి తాతల కాలమున వలస వచ్చినవారి బిడ్డలు. చేతికి తొడుగు ఉండే దినము ఉన్నది, లేని దినము ఉన్నది. గాజు ముక్కలను చీపురుతో మనమే ఎత్తి, మందపాటి కాగితములో రెండు చుట్లు చుట్టి, పొడి చెత్త తీసికొనే దినమున వేరుగా చేతికి ఇచ్చి, "అమ్మా, ఇందులో గాజు ఉంది, జాగ్రత్త" అని చెప్పవలెను. కన్నడము రాదని సంకోచపడనక్కరలేదు, తెలుగులో చెప్పినను వారికి అర్థమగును.