వరుసలో చివరి బొమ్మ

విగ్రహానికి కళ్లు తెరవడం మన సంప్రదాయంలో ఆఖరున జరిగే పనుల్లో ఒకటి. శిల్పి ఒళ్లంతా చెక్కుతాడు, కిరీటం తీరుస్తాడు, వస్త్రం మడతల నుంచి కాలి గోళ్ల దాకా చూసుకుంటాడు. కళ్ల దగ్గర ఆగుతాడు. ప్రతిష్ఠ వేళ మంత్రాల నడుమ నేత్రోన్మీలనం జరుగుతుంది. శ్రీలంక బౌద్ధుల్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ. బుద్ధుడి విగ్రహానికి కనుపాపలు దిద్దే చిత్రకారుడు ఆ ముఖాన్ని సూటిగా చూడకూడదు. విగ్రహానికి వీపు పెట్టి, అద్దంలో చూసుకుంటూ భుజం మీదుగా కుంచె ఆనిస్తాడు. మా నందికొండ బుద్ధవనంలో శ్రీలంక వాళ్లు ఇచ్చిన అవుకన బుద్ధుడి ప్రతిరూపం ఉంది, 27 అడుగుల ఎత్తు. దాని ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఆ అద్దమే గుర్తొస్తుంది.

కళ్లను ఆఖరుకు ఆపుకునే మరో కుంచెను ఈ మధ్య హిల్ కాలనీలో మా అక్క ఇంట్లో చూశాను. మేనల్లుడు బల్ల మీద వేలెడంత బొమ్మలు నలభై వరుసగా పేర్చుకుని రంగులు వేస్తున్నాడు. కత్తి పట్టిన వీరులు, గడ్డాల మంత్రగాళ్లు, కొమ్ముల రాక్షసులు, అస్థిపంజరాలు. నలుగురు కూర్చుని ఆడుకునే బోర్డు ఆటలో ఇవి పావులు. అమెరికాలో 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్, బ్రిటన్‌లో 1983లో వచ్చిన వార్‌హ్యామర్ లాంటి ఆటలతో ఈ సరదా ప్రపంచమంతా పాకింది. పెట్టెలో బొమ్మలు చాలావరకు రంగు లేకుండా బూడిద రంగు ప్లాస్టిక్‌తోనే వస్తాయి. రంగు వేసుకోవడం కొన్నవాళ్ల ఇష్టం.

వాడు ఒక్కో బొమ్మను పట్టుకుని పూర్తి చేయడు. ముందు అన్నిటికీ ప్రైమర్ పూత. అది ఆరాక అన్నిటి ఒంటికీ రంగు. తర్వాత అన్నిటి బట్టలకూ, ఆ తర్వాత తోలు పట్టీలకూ, ఆపైన కత్తులకూ కవచాలకూ. ఒక రంగు మూత తీశాడంటే నలభై బొమ్మలనూ చుట్టి వచ్చేదాకా మరో రంగు ముట్టడు. పట్టుకోవడానికి వీలుగా ప్రతి బొమ్మనూ ఒక సీసా మూత మీద అంటించాడు. మా ఎండలకు రంగు కుంచె మీదే ఎండిపోతుంది కదా, అందుకని పాత టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, ఆ కాగితం మీద రంగు కలుపుకుంటున్నాడు. అడుగున తడి ఉన్నంతసేపూ పైన రంగు ఆరదు. చిక్కటి పూత ఒకటి వేసే బదులు పల్చటివి రెండు వేస్తాడు. చిక్కగా వేస్తే ముక్కూ మూతీ పూడిపోతాయట.

"ఒక్కటే పట్టుకుంటే అది మంచిగైతది మామా, మిగిలినయి అట్లనే ఉంటయి" అన్నాడు.

తొందరగా అవడానికే ఈ పద్ధతి పుట్టిందని ఆ సరదా ఉన్నవాళ్లే చెబుతారు. నిజమే, రంగు మార్చే సమయం, కుంచె కడిగే సమయం కలిసొస్తాయి. కానీ పక్కన కూర్చుని చూస్తే నాకు ఇందులో ఒక సాధన కనిపించింది. చాలాసేపటి దాకా ఒక్క బొమ్మ కూడా పూర్తి కాదు. నలభైకి నలభై సగంలోనే ఉంటాయి, చూడ్డానికి మొదటికంటే అందవికారంగా ఉంటాయి. ఫలానాది చేశానని చూపించుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు. ఫలం మీద చూపు పెట్టుకుని పనిచేసేవాడు ఈ దశలో లేచి వెళ్లిపోతాడు. నిష్కామకర్మ గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా, ఫలితం కనబడని నడిమధ్యలో చెయ్యి ఆగకుండా ఉండటం ఎలాగో తెలియాలంటే ఇలాంటి పని ఒకటి పెట్టుకోవాలనిపిస్తుంది నాకు.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. ఒకే పని నలభైసార్లు చేస్తుంటే చెయ్యి తన దారిన తాను పోతుంది, మనసు మరోచోట తిరుగుతుంటుంది. జపమాల తిప్పేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఊపిరి పీల్చేటప్పుడు పీలుస్తున్నానని, నడిచేటప్పుడు నడుస్తున్నానని ఎరుక ఉండాలని బుద్ధుడు సతిపట్ఠానంలో బోధించింది ఇందుకే. బొమ్మ బెల్టు మీద గీత గీసేటప్పుడు గీస్తున్నానన్న ఎరుక ఉంటే ఆ గీత నిలుస్తుంది. లేకపోతే పక్కకు జారుతుంది, బొమ్మే చెప్పేస్తుంది.

ఆటబొమ్మల్లో ఆధ్యాత్మికమేమిటని పెద్దలు కొందరు అడగొచ్చు. గవ్వలు వేసి వైకుంఠం చేరే పటాన్ని ఇంటింటా పరిచింది మన పెద్దలే. ఆ వైకుంఠపాళిలో పాము నోట పడి కిందికి జారినా మళ్లీ గవ్వలు పట్టుకోవడం పిల్లలకు ఆటగానే అలవాటైంది.

బొమ్మలకు రంగులేసి కథ నడిపించడం తెలంగాణకు కొత్త కూడా కాదు. చేర్యాల నకాశీ చిత్రకారులు పటాలతో పాటు బొమ్మలూ చేస్తారు. ముదిరాజుల ముందు పాండవుల కథ చెప్పే కాకిపడగల వాళ్లు ఆధారపడేది ఈ చిత్రకారుల చేతిపని మీదే. బొమ్మకు తేలికైన పొనికి కర్రతో ఆకారం చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో ఒళ్లు తీరుస్తారు. తెల్ల పూత పూసి, ఆరాక రంగులకు దిగుతారు. ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు దీపపు మసి, నీలానికి నీలిమందు. ఒక కథకు ఒక బొమ్మ సరిపోదు, దండు కావాలి. ధర్మరాజు ఉండాలి, దుర్యోధనుడూ ఉండాలి. ధర్మరాజుకు పూసిన ఇంగిలీకమే దుర్యోధనుడికీ పూస్తారు. దుష్టపాత్ర కదా అని నాసిరకం రంగు వేస్తే కథ చెప్పేవాడు ఒప్పుకోడు, వినేవాళ్లూ ఒప్పుకోరు. కథలో రెండు పక్షాలూ సమానంగా నిలబడితేనే ధర్మం గెలుపు గెలుపులా కనిపిస్తుంది.

మా మేనల్లుడి బల్ల మీదా ఇదే చూశాను. గోధుమ రంగు మూత తీసి వీరుడి చెప్పులకు వేశాడు, అదే కుంచెతో పక్కనున్న రాక్షసుడి నడుం పట్టీకి వేశాడు. వీడు మంచివాడు, వాడు చెడ్డవాడు అన్న తేడా ఆట మొదలయ్యాకే. రంగు వేసే వేళ అందరూ తన వాళ్లే. సమదర్శనం గురించి గీతలో చదువుకున్న నాకు, అది ఒక చేతి పనిలో అంత తేలిగ్గా జరగడం చూసి ఒళ్లు పులకరించింది.

లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లేవాళ్లు అక్కడి సున్నపురాతి ఫలకాల ముందు కాస్త ఎక్కువసేపు ఆగాలని నా మనవి. బోధివృక్షం కింద కూర్చున్న సిద్ధార్థుడి మీదికి వచ్చిన మారుడి దండును ఇక్కడి శిల్పులు చెక్కారు. దాదాపు 1700 ఏళ్ల కిందటి పని. ఉలి బోధిసత్త్వుడి దగ్గర ఎంత ఓపిక చూపిందో దండు దగ్గరా అంతే చూపింది. మహాచైత్యానికి ఆయక స్తంభాలు నిలిపిన చాంతిసిరి పేరు శాసనాల్లో ఉంది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి ఆమె. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో, ఉభయ లోకాల హితం కోసం, తన నిర్వాణం కోసం ఆ స్తంభాలు నిలిపానని రాయించింది. ఆమె పేరు నిలవడం న్యాయమే. ఒకే రకం తామరపూలను, ఒకే రకం పొట్టి యక్షులను వరుసగా చెక్కుకుంటూ పోయిన చేతులు కూడా నిర్వాణానికి ఎక్కువ దూరంలో ఏమీ లేవని నా నమ్మకం. నాగార్జునసాగర్ నీళ్లు లోయను ముంచకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, రాయి రాయీ ఎత్తి కొండ మీదికి చేర్చినవాళ్ల చేతులకూ నేను అదే దణ్ణం పెడతాను.

మళ్లీ బల్ల దగ్గరికి వస్తే, అసలు పరీక్ష వరుస చివర ఉంటుంది. మొదటి పది బొమ్మలకు ఉత్సాహం దక్కుతుంది, చివరి పదికి అలసట మిగులుతుంది. ముప్పై దాటాక వేళ్లు బిగుసుకుంటాయి, కళ్లు మండుతాయి, ఇదెవరు చూస్తార్లే అనిపిస్తుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయం శ్రద్ధను సాత్త్వికం, రాజసం, తామసం అని మూడుగా విడదీసింది. ఆ మూడూ ఒకే మనిషిలో ఒకే పూటలో వంతులవారీగా రావడం ఈ వరుసలో కనిపిస్తుంది. అస్థిపంజరాల గుంపులో వెనక నిలబడే బొమ్మకు కళ్ల స్థానంలో ఒక నల్ల చుక్క పెట్టి వదిలేసినా ఆట ఆగదు. మా మేనల్లుడు వదిలెయ్యలేదు. ఊపిరి బిగబట్టి, మణికట్టు బల్లకు ఆనించి, సన్న కుంచె మొనతో దానికీ రెండు కళ్లు పెట్టాడు.

అలసటకు వాడు ఒక ఉపాయం కూడా పెట్టుకున్నాడు. ఒక రంగు ఎడమ చివర మొదలుపెడితే తర్వాతి రంగు కుడి చివర మొదలవుతుంది. ఆ తర్వాతిది నడిమి నుంచి. అలా అలసిన చెయ్యి ప్రతిసారీ ఒకే బొమ్మ మీద పడదు.

ఈ ఉపాయం నాకు నచ్చింది, మా వీధి భజన మందిరంలో అడిగి పెట్టించాను. శనివారం ప్రసాదం ఎప్పుడూ ముందు వరుస నుంచి పంచేవాళ్లం. పని నుంచి ఆలస్యంగా వచ్చే ఆడవాళ్లూ, వాళ్ల పిల్లలూ వెనకే కూర్చుంటారు. గిన్నె వాళ్ల దాకా వచ్చేసరికి పులిహోర అడుగంటేది. ఇప్పుడు ఒక వారం ముందు నుంచి పంచితే మరో వారం వెనక నుంచి పంచుతున్నాం. పోయిన శనివారం వెనక వరుస వంతు. పల్లీలు, కరివేపాకు, పోపు నిండుగా ఉన్న పై పులిహోర ఆ పిల్లలకే ముందు అందింది.