ఇంటి తల్లి పళ్ళెం



మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలలో మెట్ట సేద్యం చేసే ఇంటిని ఒకసారి తలచుకోండి. తెల్లవారక ముందే తల్లి లేచి పొయ్యి రాజేస్తుంది. సంగటి కెలుకుతుంది, లేదా జొన్నరొట్టెలు తడుతుంది. రోట్లో పచ్చడి నూరుతుంది. సద్ది మూట కట్టుకొని తానూ చేనికి వెళ్ళి కందిలో కలుపు తీస్తుంది. పొద్దుగూకి వచ్చాక మళ్ళీ అదే పొయ్యి.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. మెల్లగా మన పళ్ళెంలో జొన్న, సజ్జ తగ్గి వరి అన్నం పెరిగింది. కాని చాలా ఇళ్ళలో ఒక అలవాటు మారలేదు. ముందు మగవారు, తరువాత పిల్లలు, చివరకు తల్లి. కుండలో మిగిలిందే ఆమె భోజనం. మిగలకపోతే "నాకు ఆకలి లేదులే" అంటుంది. ఆ మాట మనం నమ్మేస్తాం. గర్భిణి అయినా, బాలింత అయినా ఆమెకు రక్తం ఎందుకు పట్టడం లేదో ఆలోచించం.

రాజుల మొదటి గ్రంథం 17వ అధ్యాయం చదవండి. అదీ మనలాంటి కరువు సీమే. పుల్లలు ఏరుకుంటున్న విధవరాలిని ఏలీయా ప్రవక్త రొట్టె అడిగాడు. ఆమె ఇంట ఉన్నది పిడికెడు పిండి, కొంచెం నూనె. అది తనకూ, తన కొడుకుకూ చివరి భోజనమని చెప్పింది. అంత లేమిలోనూ ఆమె తనను లెక్కలో వేసుకుంది. అయినా ప్రవక్త మాట నమ్మి ముందు అతనికి పెట్టింది. ఆ తరువాత అతడూ, ఆమె, ఇంటివారూ చాలా దినాలు తిన్నారు. దేవుడు పిండి తరగకుండా చూసింది అతిథి కోసమే కాదు, వండిన చేతుల కోసం కూడా.

త్యాగం పుణ్యమే కదా అంటారేమో. ఆమె ఇష్టపడి ఇస్తే అది త్యాగం. ప్రతి పూటా మనం ఆమె వంతు తినేస్తే అది అన్యాయం. దివ్యపూజలో ఒకే పీఠం దగ్గర అందరం సత్‌ప్రసాదం స్వీకరిస్తాం. అక్కడ మిగిలింది ఆడవారికని లేదు. మరి ఇంట్లో ఎందుకుండాలి?

వానలు వెనకబడితే మనలో ఎందరో మిరపకోతలకు గుంటూరు వైపు వలస వెళ్ళవలసిందే. ఇంటిల్లిపాదీ కలిసి తినే రోజులు కొద్ది. కనుక ఈ రాత్రి జపమాల ముగిశాక తల్లిని కూర్చోబెట్టి, ఆమె పళ్ళెంలో ముందు వడ్డించండి. అత్తగారూ, మీ కోడలిని పక్కన కూర్చోబెట్టుకోండి. వద్దంటుంది, వినకండి.

ప్రభువు మీ చేలను, మీ పొయ్యిని, వండే చేతులను ఆశీర్వదించును గాక. ఆమెన్.