దూరపు గుఱి

యువరాజైన దశరథుడు సరయూ తీరమున చీకటిలో కడవ మునుగు చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి బాణము విడిచెను. కూలినది మునికుమారుడు. ఆర్తనాదము చెవిని బడగా దశరథుడు పరుగెత్తి, తాను చేసిన పనిని కన్నులార చూచెను.

నేటి వేటగాడు పట్టపగలు చూచియే కాల్చును. దుర్భిణి అమర్చిన రైఫిలు, లేజరు కిరణముతో దూరమును కొలుచు పరికరము, గాలివాటమును లెక్కగట్టు యంత్రము అతని చెంత నున్నవి. అయినను వేయి మీటర్ల దూరము పోవుటకు సాధారణమైన రైఫిలు తూటాకు సుమారు ఒకటిన్నర సెకండు పట్టును. ఆ లోపల జింక ఒక్క అడుగు వేసిన చాలును. గుండెకు గుఱిపెట్టిన తూటా కడుపున దూరును. ఏ యంత్రమును ఆ అడుగును ముందుగా లెక్కగట్టజాలదు.

ఇనుప పలకపై ఎంత దూరమునుండి కాల్చినను దోషము లేదు. పలకకు నెత్తురు లేదు గదా! ప్రాణి మాట వేరు. అమెరికాలో 1887లో థియొడోర్ రూజ్‌వెల్టు స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు వేటను సమర్థించు సంఘమే. అదియు, తుపాకి ఎంత దూరము కొట్టునో పరీక్షించుటకే ప్రాణిపై కాల్చుట వేట కాదని చెప్పినది.

ఎంత దూరము కొట్టగలనని కాదు, దెబ్బతిన్న దానిని వెదకి పట్టగలనా యని వేటగాడు ముందుగా తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. కడుపున తూటా తగిలిన జింక అరవక పొదలలో దూరవచ్చును. లోయ దాటి కిలోమీటరు నడచి వచ్చినవాడు అది నిలిచిన చోటును పోల్చుకొనలేడు; నెత్తురు చుక్క కానరాదు. గుఱి తప్పినదని తలచి, సరంజామా సర్దుకొని, ప్రొద్దుండగనే ఇంటికి మరలును.