పరుగు ఎవరిది? తోడు ఎవరిది?



బిడ్డకు తోడుగా తల్లిదండ్రులు ఎంతదూరము పోవచ్చును? ఏ చోట నిలువవలెను? చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని బిడ్డలను పెంచు ప్రతి గృహమునను ఏదో ఒకనాడు ఇది ఎదురుకాక మానదు. ఒకరికి చదువు విషయమున, ఒకరికి వివాహ విషయమున, మరియొకరికి దీక్షా విషయమున ఎదురగును. నాకు మాత్రము ఇది ఒక పరుగుపందెములో, 7వ కిలోమీటరు పలకకడ, మా అమ్మాయి నోట ఎదురైనది. ఆనాటి నుండి ఈ విషయమును గూర్చి ఆలోచించుచునే యున్నాను. ఆ ఆలోచనమును మీ ముందు ఉంచుటకే ఈ వ్యాసము.

మాది ఏలూరు. వేకువనే లేచి కాలువ గట్టున పరుగెత్తుట నాకు కొన్ని యేండ్లుగా అలవాటు. మా అమ్మాయికి 15వ యేడు వచ్చిన పిదప ఒకనాడు తానును వత్తునని చెప్పులు విడిచి బూట్లు తొడిగెను. బంధువులలో కొందరు "ఆడపిల్లకు రోడ్డుమీద పరుగులేమిటి?" అనిరి. అక్కమహాదేవి ఉడుతడి విడిచి కల్యాణమునకును, అచ్చటినుండి శ్రీశైలమునకును నడచినదని భక్తితో చెప్పుకొను మనమే ఆ మాట అనవచ్చునా అని మా తల్లిగారు వారిని అడిగిరి. ఆ పైన ఎవరును నోరు మెదపలేదు.

ఆదివారములందు కైకలూరు రహదారిని పట్టి కొల్లేటివైపు పోవుచుండెడివారము. ఇరుప్రక్కల చేపల చెరువుల గట్లు, మంచులో నీటిపై వాలు గూడబాతులు, ఎదురువచ్చు చేపల లారీలు. ఆ తేమగాలిలో చెమట త్వరగా ఆరదు. చెమట ఆరనిదే ఒడలు చల్లబడదు. కావున ఎండ యెక్కకమునుపే ముగించుట, మాటలాడుచు పరుగెత్తగల వేగమును దాటకుండుట అను రెండు నియమములు పెట్టుకొంటిమి. వానకాలమున కొల్లేరు పొంగి రహదారిపై నీరు పారిన దినములలో సాధన ఆగెను. నీరు తీసిన పిదప మరల మొదలిడితిమి.

సంక్రాంతి వెళ్లిన తరువాత తాడేపల్లిగూడెములో 10 కిలోమీటర్ల పరుగు ఏర్పాటైనది. ఇరువురము పేర్లిచ్చితిమి. అదియే ఆమెకు మొదటి దూరపు పరుగు. గుంపులో పడి ఆమె మొదటి కిలోమీటరును మితిమీరిన వేగమున పరుగెత్తెను. "నెమ్మదిగా, అమ్మా" అనవలసినవాడను నేనే. అనలేదు. ఏలయన, నాకు తెలిసినవారి కుమారుడొకడు మాకు ముందు పోవుచుండెను. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది. కాని వ్రాయనిచో మిగిలినదంతయు అసత్యమగును.

6 కిలోమీటర్లు దాటునప్పటికి ఆమెకు ప్రక్కలో పోటు పుట్టెను. అడుగు తడబడెను. నేను ఆమె చేయి పట్టి లాగుచు, గడియారము చూచుచు, "నాలుగు నిమిషాలు వెనకబడ్డామమ్మా, కాస్త కాళ్లు సాగించు" అంటిని. ఆమె నిలిచిపోయెను. చేయి విడిపించుకొని నా ముఖమువంక చూచి, "నాన్నగారూ, ఇది నా పరుగా, మీ పరుగా?" అనెను.

నాయొద్ద జవాబు లేదు. గడియారమును విప్పి జేబులో వేసికొని నాలుగడుగులు వెనుకకు తగ్గితిని.

ఆ జవాబు కొరకు నేను ఎక్కడెక్కడనో వెదకితిని గాని అది నా యెదపైననే వ్రేలాడుచున్నది. ఇష్టలింగము మన ధర్మమునకు ప్రాణము. గురువు దానిని అనుగ్రహించును. కాని అనుగ్రహించిన పిదప దానిని ఎవరి అరచేత వారే నిలుపుకొని, ఎవరి కన్నులతో వారే చూచుకొని పూజింపవలెను. తండ్రి యెంత నిష్ఠాపరుడైనను కుమార్తెకు బదులుగా ఆమె లింగమును పూజింపజాలడు. ఆయన నిష్ఠ ఆమెకు మాదిరి కావచ్చునే గాని ఆమె నిష్ఠ కాజాలదు. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు బోధించిన కాయక ధర్మమును ఇట్టిదే. ఎవరి చెమట వారిదైనపుడే అది కాయకము. ఒకరి చెమటను మరియొకరు తమ ఘనతగా చెప్పుకొనుట కాయకము కాదు.

1896లో ఏథెన్సు నగరమున తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలు జరిగినవి. సుమారు 40 కిలోమీటర్ల మారథాన్ పరుగులో గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్ అను గ్రీకు యువకుడు. అతని తండ్రి ఏథెన్సులో నీరు అమ్మి జీవించువాడు. కుమారుడు ఆ నీటిని చేరవేయుటలో తండ్రికి తోడ్పడుచుండెను. తండ్రితో కూడి చేసిన ఆ కాయకమే అతని కాళ్లకు బలమైనదని అనుకొనుటలో తప్పులేదు. అయినను ఆనాటి పరుగులో అడుగులన్నియు అతనివే. తల్లిదండ్రుల తోడు కాయకమువరకు. ఆపైన అడుగు బిడ్డది.

ఇంతవరకు న్యాయము సుగమముగనే యున్నది. కాని దీనికి అడ్డువచ్చు ఉదాహరణము ఒకటి కలదు. దానిని దాచిపెట్టి ముందుకు పోరాదు. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున రిక్ హోయిట్ అను బాలుడు పుట్టుకతోనే అవయవములు వశములో లేనివాడు. నోట మాట లేదు. యంత్రము సహాయమున అక్షరములు ఎన్నుకొని తన భావము తెలుపుచుండెను. 1977లో, తన 15వ యేట, ప్రమాదములో కాళ్లు చచ్చుబడిన ఒక క్రీడాకారునికి సహాయార్థము జరుగు 5 మైళ్ల పరుగులో తానును పాల్గొనవలెనని తండ్రికి తెలిపెను. తండ్రి డిక్ హోయిట్ పరుగులలో అనుభవము కలవాడు కాడు. అయినను కుమారుని చక్రముల కుర్చీని త్రోయుచు పందెము ముగించెను. వారు చివరివారికి కొంచెమే ముందు. పరుగెత్తునపుడు తన వైకల్యము తనకు తోచలేదని కుమారుడు ఆనాడు తెలిపెను. అటుపై వారిరువురు వేయికి పైగా పోటీలలో పాల్గొనిరి. 2021లో తండ్రియు, 2023లో కుమారుడును గతించిరి.

ఇచ్చట కాళ్లు తండ్రివి, చెమట తండ్రిది. అయినను అది కుమారుని పరుగు కాదని ఎవరనగలరు?

దీని ప్రక్కన మన పొరుగు రాష్ట్రమున జరిగినదానిని నిలిపి చూడుడు. 2006 మే నెలలో ఒడిశాలో బుధియా సింగ్ అను నాలుగేండ్ల బాలునిచేత పూరీ నుండి భువనేశ్వరమునకు 65 కిలోమీటర్లు పరుగెత్తించిరి. దేశమంతయు వింతగా చూచెను. చివరకు బాలుడు కూలబడెను. ఆపైన ప్రభుత్వము అతని దూరపు పరుగులను నిలిపివేసెను. ఆ శిక్షకుడు పేదబాలుని ఆదరించినవాడే. అతని మనస్సును తీర్పు తీర్చుట మన పని కాదు. కాని 65 కిలోమీటర్లన నేమో నాలుగేండ్ల పసివానికి తెలియునా? తెలియనిదానిని అతడు ఎట్లు కోరును?

ఒకచోట కాళ్లు తండ్రివి, సంకల్పము బిడ్డది. రెండవచోట కాళ్లు బిడ్డవి, సంకల్పము పెద్దలది. మొదటిదానిని చూచినపుడు కన్ను చెమర్చును. రెండవదానిని చూచినపుడు మనస్సు బెదరును. దీనినిబట్టి పరుగు ఎవరిది అను ప్రశ్నకు కాళ్లు సాక్ష్యము కావనియు, సంకల్పమే సాక్ష్యమనియు తేలుచున్నది. నేను మా అమ్మాయి చేయి పట్టి లాగినది కొన్ని అడుగులే. లాగినది కొన్ని అడుగులైనను, ఆ అడుగులలో సంకల్పము నాది. కొలత చిన్నదియే గాని జాతి ఒకటే.

ఇచ్చట మీలో కొందరు ఒక ఆక్షేపణ చేయవచ్చును. "పసిబిడ్డకు లింగధారణ చేయించునపుడు ఆ బిడ్డను అడిగి చేయించుచున్నామా? పెద్దల సంకల్పము లేనిచో సంప్రదాయము ఎట్లు నిలుచును?" ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. శిశువునకు లింగము కట్టునపుడు సంకల్పము పెద్దలదే. కాని ఆ లింగము శిశువునకు చెందినదే గాని తల్లికి చెందినది కాదు. బిడ్డకు తెలివి వచ్చి తన అరచేత తాను నిలుపుకొనువరకు తల్లి దానిని కాపాడును, అంతే. ఆమెది కాపుదల. కర్తృత్వము కాదు. అట్లే బిడ్డ సంకల్పము పండువరకు దానిని కాపాడుట మన ధర్మము. ఆ సంకల్పమును మనమే చేసివేయుట ధర్మము కాదు.

కాపుదల అన్నపుడు వలదనుటకూడ అందులో చేరును. పెరుగుచున్న వయస్సున ఎముకల కొనలు ఇంకను గట్టిపడి యుండవు. మితిమీరిన శ్రమ వానికి హాని చేయును. అందుచేతనే 42 కిలోమీటర్లకు పైబడిన పూర్తి మారథాన్‌లో 18 యేండ్లు నిండనివారిని పెక్కుచోట్ల చేర్చుకొనరు. బిడ్డ కోరినను "ఇప్పుడు వద్దమ్మా" అనుటకు తండ్రికి అధికారము కలదు. "నొప్పిగా నున్నది" అని బిడ్డ నిలిచినపుడు "పరుగెత్తు" అనుటకు మాత్రము అధికారము లేదు. మొదటిది బిడ్డ మేలు కోరును. రెండవది బిడ్డనుండి మనము కోరుకొనునది.

బసవేశ్వరుని బాల్యమును ఇచ్చట స్మరింపకుండరాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఆ కథ కలదు. తండ్రి మాదిరాజు కుమారునికి ఉపనయనము చేయదలచెను. ఆ కాలమున అది తండ్రికి విధి. ఆయన దుష్టుడు కాడు. బిడ్డ మేలే కోరెను. కాని ఆ బాలుని సంకల్పము వేరు. తాను శివభక్తుడననియు, తనకు ఆ కర్మముతో పనిలేదనియు వాదించి అతడు ఇల్లు వెడలెను. అపుడు అతనికి తోడు వచ్చినది సోదరి నాగమాంబ. ఈ ఘట్టమున తండ్రియు తోడే, సోదరియు తోడే. తండ్రి తాను ఎన్నుకొన్న దారిలో కుమారునికి తోడు కాదలచెను. సోదరి తమ్ముడు ఎన్నుకొన్న దారిలో అతనికి తోడైనది. మనము ప్రతిదినము ఆ ఇంటి గడపయందు నిలిచియున్నాము. మాదిరాజు కావలెనో, నాగమాంబ కావలెనో మనమే తేల్చుకొనవలెను.

మా కొల్లేరు ఈ విషయమున మాకు నిత్యబోధ చేయుచున్నది. తమ్మిలేరు, బుడమేరు మొదలగు ఏరులన్నియు తెచ్చిన నీటిని అది తనలో నిలుపుకొనును. వరదను తాను భరించి తగ్గించును. అది కాపుదల. కాని ఆ నీరు ఉప్పుటేరు మార్గమున సముద్రమునకు పోవలసినదే. ఆ మార్గము పూడినచో కాపాడవలసిన సరస్సే లంకగ్రామములను ముంచును. బిడ్డలపై మనకున్న ప్రేమయు అట్టిదే. నిలుపుట యెరిగి విడుచుట యెరుగని ప్రేమ ఇంటినే ముంచును.

ఆనాడు నేను నాలుగడుగులు వెనుకనుండి నడచితిని. ఆమె ప్రక్కకు చేయి యానించి కొంతదూరము నడచెను. ఎందరో మమ్ము దాటిపోయిరి. నాకు తెలిసినవారి కుమారుడు ఎప్పుడు చేరెనో చూడలేదు. 8వ కిలోమీటరు పలక దాటిన తరువాత, ఎవరును చెప్పకుండ, ఆమె మరల పరుగు అందుకొనెను. అది వేగమైన పరుగు కాదు. కాని ఆ అడుగులలో నా లాగుడు లేదు. తుదిగీత దాటి తిరిగి చూచి ఆమె నవ్విన నవ్వు గడియారము కొలుచునది కాదు.

తిరిగివచ్చు బస్సులో, "వచ్చే ఏడు నేనొక్కదాన్నే పరుగెత్తుతాను. మీరు చివర నీళ్లు పట్టుకుని నిలబడండి, నాన్నగారూ" అనెను. మొదట మనస్సు చివుక్కుమన్నది. భీమడోలు దాటునప్పటికి అది గౌరవమని తెలిసినది. కాయకము ఆమెది. అలసి వచ్చినవారికి, ఫలములో పాలు అడుగక, నీరందించు దాసోహము నాది. తండ్రికి ఇంతకంటె మంచి పదవి బసవధర్మమున ఏమున్నది?

కావున గృహస్థులకును, మఠములలో బాలబాలికలకు దీక్ష ననుగ్రహించు గురువులకును నా విన్నపము ఒక్కటే. చదువైనను, వృత్తియైనను, శివయోగమైనను, బిడ్డ చేయి పట్టునపుడు ఒక్కమారు ఆగి చూచుకొందము. ఆ చేయి పడిపోకుండ పట్టుచున్నామా, మన గడియారమునకు సరిపోవునట్లు లాగుచున్నామా? మొదటిదైనచో పట్టుదము. రెండవదైనచో విడిచి నాలుగడుగులు వెనుక నడతము.