భూమి యజమాని ఎవరు?



దివ్యపూజలో అప్పాన్ని పైకెత్తి, నేల ఇచ్చిన పంటగా, మనుష్యుల కాయకష్టంగా దేవునికి అర్పిస్తాము. మరి ఆ నేలను మనమేమి చేస్తున్నాము?

1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి పోయి, అప్పులపాలై ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగు కోసం కొన్న మందునే తాగినవారున్నారు. అదే గడ్డపై జనగామ ప్రాంతపు ఏనెబావి ఊరంతా ఒక్కమాటై రసాయనాలు మానింది. 2006లో తమది సేంద్రియ గ్రామమని ప్రకటించుకున్నది. పశువుల ఎరువు, వేపకషాయం, ఐకమత్యం వారికి అండ.

"మరి భూపాలపల్లి బొగ్గు గనుల మాటేమిటి, ఫాదర్?" అంటారేమో. బొగ్గుతో పుట్టిన కరెంటే మన బోరు మోటార్లనూ తిప్పుతున్నది. గుంత పూడ్చి చెట్లు పెంచడం, భూమి పోయినవారికి న్యాయం చేయడం తవ్వినవారి బాధ్యత. దుబారా మానడం మన బాధ్యత.

ఆదికాండము రెండవ అధ్యాయంలో దేవుడు ఆదాముకు తోటను అప్పగించినది సాగుకే కాదు, కాపుకు కూడా. లేవీయకాండము 25వ అధ్యాయం ప్రకారం భూమి ఆయనది, మనము కౌలుదార్లము. కౌలుకు తీసుకున్న చేనును చెరిపి అప్పగిస్తే యజమాని ఊరుకుంటాడా?

మానుకోట మిర్చి రైతు సోదరా, ఈసారి అరెకరమైనా మందు లేకుండా వేసి చూడు. కొనే సోదరీ, ఆ పంటకు బేరమాడకు. అప్పుడే మన అర్పణ నిండుగా ఉంటుంది.