అల్లిక – ఆసక్తి – గృహధర్మము

మనుష్యుని చేతికి పని యెంత అవసరమో, మనస్సునకు ఇష్టమైన పని అంత అవసరము. ఈ రెండును ఒక్కటియే అయినవారు అదృష్టవంతులు. చాలమంది విషయమున అవి వేరు వేరుగా నుండును. పగలెల్ల వంటయు, పిల్లలును, పొలమో కొలువో చూచుకొను ఒక గృహిణికి, అన్నియు ముగిసిన పిదప రెండు సూదులును ఊలుదారపు ఉండయు చేతికి తీసికొని కూర్చుండుటయే విశ్రాంతి. ఆమెకు అల్లికయందు గల ఈ ప్రీతి ధర్మమా? లేక సంసారమునకు చెందవలసిన కాలమును దొంగిలించు వ్యసనమా? ప్రశ్న చిన్నదిగా తోచును. కాని అనేక గృహములలో నిత్యము మౌనముగా రగులు కలతలకు మూలము ఇట్టి చిన్న ప్రశ్నయే.

దీనికి సాధారణముగా రెండు సమాధానములు వినవచ్చును. "అల్లిక ఎక్కడికి పోవును? ముందు ఇల్లు చూడుము" అని పెద్దలందురు. "ఇంటిల్లిపాదికిని చాకిరి చేసిన పిదప నాకని ఒక గడియయైన ఉండరాదా?" అని ఆమె అనుకొనును. మొదటి మాటలో ఆమె కాలమంతయు ఇతరులదే యను భావము కలదు. రెండవ మాటలో ఇల్లు వేరు, తాను వేరు అను భావము కలదు. రెండును సగము సత్యములే.

శరణుల కాయక సిద్ధాంతము ఇచ్చట ఉపకరించును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో దారముతో పని చేసినవారు లేకపోలేదు. కదిరె రెమ్మవ్వ నూలు వడకినది. నులియ చందయ్య గడ్డితో త్రాళ్ళు పేనెను. వారికంటె పూర్వుడైన జేడర దాసిమయ్య మగ్గముపై వస్త్రము నేసెను. వారి దృష్టిలో ఏ వృత్తియు నీచము కాదు, ఏ వృత్తియు తనంత తాను పవిత్రమును కాదు. శ్రమ సత్యముగా నుండి, దాని ఫలము దాసోహమునకు చేరినప్పుడే అది కాయకమగును. కావున అల్లిక మంచిదా చెడ్డదా అని అడుగుట వ్యర్థము. అది యెట్లు చేయబడుచున్నది, దాని ఫలము ఎచ్చటికి చేరుచున్నది అని అడుగవలెను.

నులియ చందయ్యను గూర్చి సంప్రదాయమున ఒక కథ కలదు. గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారిపడెననియు, ఆయన పని విడువక సాగిపోయెననియు, తుదకు లింగమే ఆయన కాయకమున పాలు పంచుకొనవలసి వచ్చెననియు చెప్పుదురు. లింగమునే నిరీక్షింపజేసిన తన్మయత్వమునకు ఇది ఉదాహరణమైనచో, ఆకలిగొన్న పిల్లవానిని అర్ధగంట నిరీక్షింపజేసిన తప్పేమి అని ఎవరైన వాదింపవచ్చును. ఆ వాదము నిలువదు. చందయ్య త్రాడు తన సంతోషమునకు పేనినది కాదు. దానిని అమ్మగా వచ్చినది జంగమదాసోహమునకు పోయెడిది. ఆయన మునిగియున్నది పరులకు ఉపయోగపడు పనియందు. పరులను మరచిన తన్మయత్వమునకు ఆ కథ ఆధారము కాజాలదు.

దానికి ప్రక్కన ఆయ్దక్కి లక్కమ్మ కథను నిలుపవలెను. ఆమె భర్త మారయ్య నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు ఆయన నిత్యమును తెచ్చు పరిమాణముకంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత ఆశ మనకెందులకని, అధికమైన దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. చందయ్య కథ పనియందు మునుగుటను నేర్పును. లక్కమ్మ కథ చాలుననుటను నేర్పును. అల్లికయందు ప్రీతి గలవారికి రెండును కావలెను. ఒక స్వెట్టరు పూర్తికాక మునుపే మూడింటికి సరిపడు ఊలు కొని బీరువా నింపుట ఈ ప్రీతి గలవారందరును ఎరిగిన బలహీనత. రంగు నచ్చినదని కొన్నది, మరల దొరకదేమోయని కొన్నది, ధర తగ్గినదని కొన్నది, ఇట్లు చేరిన ఊలు ఏండ్ల తరబడి మడతలలోనే యుండును. అప్పటికి ఆమె ప్రేమించునది అల్లికను కాదు, సంపాదనను. లక్కమ్మ తిప్పి పంపిన బియ్యము వంటిదే ఆ ఊలు.

అల్లికయొక్క స్వభావమును పరిశీలించినచో అందులోనే ఒక బోధ కలదు. నేతకు మగ్గము కావలెను, దానికొక గది కావలెను. అల్లికకు రెండు సూదులు చాలును, ఒడిలో ఇముడును. వరుస ముగియువరకు అల్లి, సూదికి దారము చుట్టి ప్రక్కన పెట్టినచో, మరల ఎప్పుడు తీసికొన్నను పని చెడదు. వరుస నడుమ తటాలున విడిచినచో ఒక కుట్టు జారవచ్చును. జారిన కుట్టును పట్టుకొననిచో అది క్రిందివరకు విడివడును. పిలుపు వినబడినప్పుడు "ఈ వరుస ముగించి వచ్చెద" ననుట తప్పు కాదు. ఆ ఒక్క వరుస పది వరుసలైనప్పుడు తప్పగును. ఆగవలసిన చోటు చేతికి తెలియును, మనస్సే తెలియనట్లు నటించును.

ఋతువుల విషయము మరింత యోచింపదగినది. గృహమునకు సంవత్సరమంతయు ఒకే తీరు పని యుండదు, అల్లికకును ఉండదు. ఈ రెండు చక్రములును ఒకదానితో నొకటి కలియకపోవుటయే చిక్కు. తెలంగాణమున జహీరాబాదు, నారాయణఖేడు, తాండూరు ప్రాంతములలో పుష్యమాసమున తెల్లవారుజామున చలి వణికించును. ఊలు చేతికి హాయిగా నుండునదియు, అల్లినది వెంటనే ఒంటిమీదికి పోవునదియు అప్పుడే. కాని 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది కోతకు వచ్చునదియు ఆ దినములందే. కళ్ళములో పని, కూలీలకు అన్నము, ఇంట సంక్రాంతి, అన్నియు ఒక్కసారి మీద పడును. అట్టి వేళ మూలను కూర్చుండి అల్లుకొనుచున్న ఆమెపై ఇంటివారికి కోపము వచ్చినచో ఆశ్చర్యము లేదు.

కావున ఎరిగిన గృహిణి చలికాలపు అల్లికను చలికాలమునకు వాయిదా వేయదు. శ్రావణమున వాన పట్టి పొలమునకు పోవీలులేని మధ్యాహ్నములందు, మఠములో పురాణ ప్రవచనము వినుచు, అలవాటైన కుట్టును చేయి తనంత తాను అల్లుచుండగా పెద్ద పనిలో సగము నడచును. శరదృతువున చేతులు, మెడ కలుపుట మిగులును. హేమంతము వచ్చునప్పటికి స్వెట్టరు సిద్ధముగా నుండును, ఆమె చేతులు ఖాళీగా నుండును. శివరాత్రి గడచి చలి వెడలిన పిదప ఊలు వస్త్రములను గోరువెచ్చని నీటిలో మెల్లగా ఉతికి, పిండక, నీడలో పరచి ఆరబెట్టి, ఎండిన వేపాకుతో మడచి పెట్టుట ఒక పని. పిల్లల పరీక్షలు నడచు దినములలో సూదులు పెట్టెలోనే యుండుట మేలు. వైశాఖమున బసవ జయంతి ముగిసిన పిదప, ఎండ వేళలందు, ఊలు చేతికి అంటుకొనునప్పుడు నూలుదారముతో కొక్కెపు సూది పట్టవచ్చును. ఇట్లు కాలమునకు తగినట్లు పనిని మార్చుకొనువారికి అల్లికయు సంసారమును శత్రువులు కావు.

ఇంతవరకు ఆమె ధర్మము చెప్పబడినది. ఇంటివారి ధర్మమును చెప్పక విడిచినచో అన్యాయమగును. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురము చుట్టుపట్ల స్త్రీలు తరతరములుగా లేసు అల్లుచున్నారు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు అచ్చట ప్రవేశపెట్టిన ఈ పని విదేశములవరకు ఎగుమతియైనది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కలిగినది. ఆ స్త్రీలను గూర్చి మరియా మీస్ అను జర్మను సమాజశాస్త్రవేత్త 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. దినమునకు అనేక గంటలు శ్రమించుచున్నను వారిని పనివారుగా గాక తీరికవేళ చేతులాడించు ఇల్లాండ్రుగా లెక్కించుటచేతనే అంత తక్కువ కూలికి వారి శ్రమ దొరకుచున్నదని ఆమె నిరూపింపజూచినది. ఇంటిలో కూర్చుండి స్త్రీ చేయు అల్లికను కాలక్షేపమనుట ఎంత సులభమో, ఆ మాట వలన ఎవరికి లాభమో దీనివలన తెలియును.

ఊలు అల్లు గృహిణి విషయమునను ఇదే జరుగుచున్నది. ఆమె అల్లిన స్వెట్టరు తొడుగుకొని భర్త కొలువునకు పోవును, పిల్లవాడు బడికి పోవును. అల్లుటకు పట్టిన గంటలు మాత్రము వ్యర్థముగా గడిపినవని లెక్కింపబడును. ఫలము అందరిది, నింద ఆమెది! వీథి అరుగుపై పురుషుడు గడపిన సాయంకాలమునకు ఎవరును లెక్క అడుగరు. స్త్రీకిని ఇష్టలింగ ధారణమునందు సమానాధికారమొసగిన సమాజమునందు ఆమె విశ్రాంతికి మాత్రము అనుమతి కావలసివచ్చుట ఉచితము కాదు. దినమునకు ఒక గడియ ఆమెది యని ఇంటివారందరును అంగీకరించి, ఆ గడియలో నీళ్ళు కావలసినవారు తామే ముంచుకొనుట గృహధర్మములో భాగమే.

చివరకు దాసోహము. తన ఇంటి అవసరము తీరిన పిదప, మిగిలిన ఊలుతో వృద్ధులకొక మఫ్లరు, మఠముల విద్యార్థి నిలయములలో చదువుకొను బీదపిల్లలకు కొన్ని టోపీలు అల్లి ఇచ్చుట మంచి పని. అయితే అల్లవలెనను కోరికకు దానమును ముసుగుగా వేయరాదు. ఇంటిలో జ్వరముతో పడియున్న అత్తగారికి కాఫీ ఇచ్చు తీరిక లేక, ఎరుగని వృద్ధురాలికి మఫ్లరు అల్లుచున్నచో ఆ మఫ్లరు దాసోహము కాదు. ఆసక్తిని పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును: ఇది ఎవరికి చేరును? దీనికొరకు ఎవరు లోటు పడుచున్నారు? పిలుపు వచ్చినప్పుడు దీనిని క్రింద పెట్టగలనా? మూడవ ప్రశ్నకు అవునని చెప్పగలిగినంత కాలము ఆమె సూదులను పట్టుకొన్నది. చెప్పలేనినాడు సూదులే ఆమెను పట్టుకొన్నవి.

ఇవే మూడు ప్రశ్నలను ఇంటివారును తమ తమ ఇష్టములను గూర్చి వేసికొన్నచో, ఆమె ఒక్కతెయే త్యాగము చేయవలసిన అవసరముండదు. అందరును కొంత కొంత విడిచిన ఇంటిలో అందరికిని కొంత కొంత మిగులును.